బడిపంతులు తెచ్చిన బంగారం

భారత ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడల్లా మన యువకుల మధ్య ఒకే వాదం మొదలవుతుంది. తర్వాతి కోచ్ ఎవరు? విదేశాల నుంచి పెద్ద పేరున్న వాణ్ణి తేవాలని ఒకరంటారు. మన ఆటగాళ్ల భాష, కష్టసుఖాలు తెలిసిన మనవాడే కావాలని మరొకరంటారు. ఉన్నవాడికే ఇంకొంత గడువు ఇవ్వాలని మూడో వ్యక్తి అంటాడు. టీకొట్ల దగ్గర, కళాశాలల్లో, జుమా నమాజు ముగించుకుని ఇళ్లకు మళ్లే దారుల్లో ఈ వాదం తెగకుండా సాగుతూనే ఉంటుంది.

ఇటీవలి సంగతులే చూడండి. 2024 జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల నుంచి జట్టు నిష్క్రమించగానే క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాక్‌ను తొలగించారు. ఆయన స్థానంలో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ వచ్చారు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టును ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపింది ఈయనే. ఏడాది తిరగకముందే ఆయనా తప్పుకున్నారు. ఆ ఖాళీ కోసం 170 దరఖాస్తులు వచ్చాయి. చివరకు 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను నియమించారు. పదమూడేళ్ల తర్వాత ఒక భారతీయుడికి ఆ బాధ్యత దక్కింది. అదే ఏడాది అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓటమితో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. వాదం మళ్లీ మొదటికి వచ్చింది.

ఈ వాదాన్ని మనం తప్పుపట్టడం లేదు. తన జట్టు బాగుండాలని కోరుకునేవాడే వాదిస్తాడు. అయితే భారత జట్టుకు దొరికిన శిక్షకులందరిలో గొప్పవాడెవరని అడిగితే, పాతతరం ఆటగాళ్లు చెప్పే పేరు ఒక్కటే. ఆయన మన హైదరాబాదువాడు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ ఆయన రహీం సాబ్. ఆయన జీవితాన్ని తెలుసుకుంటే, మన వాదంలో మనం అడగకుండా వదిలేస్తున్న ప్రశ్న ఏమిటో అర్థమవుతుంది.

బడి మైదానంలో మొదలు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. తరగతి గదిలో చెప్పే పాఠంతో ఆయనకు తృప్తి కలగలేదు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యతను కూడా తన మీద వేసుకున్నారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి పదవి ఆయనకు దక్కింది. మరణించేవరకూ, అంటే ఇరవై ఏళ్లపాటు, ఆ పదవిలో ఉన్నారు. పదవి అనగానే మనకు కుర్చీ, దండలు గుర్తొస్తాయి. రహీం సాబ్‌కు మాత్రం అది మైదానంలో చేసే చాకిరీ. కుర్రాళ్ల కోసం ఆయన ఏర్పాటు చేసిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ముందుకు తీసుకుపోకూడదు. అందిన వెంటనే మరొకరికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో కాకుండా రెండో కాలితోనే ఆడాలి.

చూసేవారికి ఇదంతా పిల్లల సరదా అనిపించవచ్చు. కాని అందులో ఒక ఉపాధ్యాయుడి లెక్క ఉంది. బంతి తన దగ్గరికి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకోవడం మొదటి పోటీ నేర్పుతుంది. తనలోని బలహీనతను దాచుకోకుండా దిద్దుకోవడం రెండోది నేర్పుతుంది. బలంలో, ఎత్తులో విదేశీ ఆటగాళ్లకు మనవాళ్లు సరితూగరు. కాబట్టి వేగం, ఆలోచన, కలిసికట్టుతనం మనకు ఆయుధాలు కావాలన్నది ఆయన నమ్మకం.

పోలీసు జట్టు ప్రభ

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు రహీం సాబ్ శిక్షకుడయ్యారు. ఆ జట్టు చరిత్ర ఇప్పుడు వింటే కథలా ఉంటుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్‌ను 1950లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచింది. మళ్లీ 1954లో, 1957లో గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారాక 1961లోనూ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు కైవసం చేసుకుంది.

ఈ విజయాల వెనుక ఉన్న ఏర్పాటును మనం గమనించాలి. బడిలో పిల్లవాణ్ణి గుర్తించేది ఆయనే. నగరంలో పోటీలు నడిపేదీ ఆయనే. పోలీసు జట్టులో చోటు దొరికితే కుర్రవాడికి నెల జీతం వస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అక్కడ రాణిస్తే రాష్ట్ర జట్టు, ఆ పైన దేశపు జట్టు. పేద ఇంటి పిల్లవాడికి కాళ్ల ముందు నుంచి కొండకొన వరకు మెట్లు కనిపించేవి.

ఆ మెట్లెక్కిన వారిలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. ఆట చూసిన రహీం సాబ్ ఎంపిక పోటీలకు రమ్మని పిలిచారు. అంతదూరం రోజూ వచ్చి పోవడానికి తన దగ్గర డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పుకున్నాడు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం సాబ్ తన జేబులోంచి డబ్బు ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లలో, 1962 జకార్తాలో దేశం తరఫున ఆడాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకు బలరాం తన గురువును తలచుకుంటూనే ఉన్నారు.

పది గోల్స్ ఓటమి

రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ గోల్ సాహు మేవాలాల్ చేశారు. దేశమంతా సంబరపడింది. కాని ఏడాదికే కఠిన పరీక్ష ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. చలిదేశపు మైదానంలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ ఏకైక గోల్ అహ్మద్ ఖాన్ చేశారు.

ఇప్పుడైతే అలాంటి ఓటమి తర్వాత ఏ శిక్షకుడూ మరునాటి ఉదయం దాకా నిలవడు. అప్పుడు జరిగింది వేరు. ఓటమికి కారణం వెతికారు. బూట్లు తొడుక్కుని ఆడాలన్న నియమం దేశంలో తప్పనిసరి అయింది. 1956లో మెల్బోర్న్ వెళ్లిన ఒలింపిక్ జట్టు మళ్లీ రహీం సాబ్ చేతిలోనే ఉంది.

అక్కడ ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం భారతే. సెమీఫైనల్లో అదే యుగొస్లావియా మీద మనవాళ్లే ముందు గోల్ చేశారు. ఆట చివరికి 4-1తో ఓడారు. కంచు పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలవడంతో నాలుగో స్థానం దక్కింది. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ ఇచ్చుకున్న జట్టుకు అది చిన్న ప్రయాణం కాదు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచారు. హంగరీ లాంటి మేటి జట్టు చేతిలో 2-1 తేడాతోనే ఓడారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌తో ప్రసిద్ధం చేసిన 4-2-4 అమరికను రహీం సాబ్ అంతకుముందే వాడారని ఆయన శిష్యులు చెప్పుకునేవారు.

జకార్తా సాయంత్రం

1962 ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లేనాటికే రహీం సాబ్ ఆరోగ్యం దెబ్బతింది. క్యాన్సర్ ఆయన శరీరాన్ని తినేస్తోంది. ఆయన మాత్రం మైదానం వదల్లేదు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి జట్టు నిలదొక్కుకుంది. కాని థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జబ్బుపడ్డారు. సెమీఫైనల్ ముంచుకొస్తోంది. ఏం చేయాలి?

ఇక్కడే రహీం సాబ్ లోతు తెలుస్తుంది. జర్నైల్ సింగ్ విద్యార్థి దశలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడని ఆయనకు గుర్తుంది. తలకు కట్టుతో ఉన్న ఆ సర్దార్జీని వెనుక నుంచి తెచ్చి ముందు వరుసలో నిలబెట్టారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్లో జర్నైల్ గోల్ చేశారు. భారత్ 3-2తో గెలిచింది.

ఫైనల్ సెప్టెంబర్ 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. మైదానంలో ప్రత్యర్థి ఒక్కటే కాదు, సుమారు లక్షమంది ప్రేక్షకులూ మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వనందుకు భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో జకార్తా జనం భారత్ మీద ఆగ్రహించారు. ఫైనల్ ముందురోజు భారత రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. ఆ ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం సాబ్ వాళ్లను దగ్గరికి పిలిచి తనకొక బహుమతి కావాలని అడిగారు. రేపు బంగారు పతకం గెలిచి ఇస్తే చాలన్నారు. ఆయన ఒంట్లో ఉన్న జబ్బు ఎంత పెద్దదో వాళ్లలో చాలామందికి అప్పుడు తెలియదు.

మరునాడు పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశారు. మూడు నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండోది చేశారు. ఫైనల్‌కు తిరిగి వచ్చిన తంగరాజ్ గోల్ ముందు గోడలా నిలిచారు. కొరియా చివర్లో ఒక గోల్ తీర్చగలిగింది. భారత్ 2-1తో గెలిచింది. ఆ లక్షమంది అరుపుల మధ్య భారత జట్టును ఉత్సాహపరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మన ఆటగాళ్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు.

ఆ జట్టును ఒకసారి చూడండి. కెప్టెన్ చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ బెంగాల్ నుంచి ఎదిగినవారు. జర్నైల్ సింగ్, త్రిలోక్ సింగ్ సిక్కులు. తంగరాజ్, ఫ్రాంకో క్రైస్తవులు. యూసుఫ్ ఖాన్ హైదరాబాదీ ముస్లిం. చంద్రశేఖర్ కేరళవాసి, రాం బహదూర్ గూర్ఖా. వీరిని నిలబెట్టింది చాదర్‌ఘాట్ బడిపంతులు. ఎవరి మతం ఏమిటి, ఎవరిది ఏ రాష్ట్రం అని చూసి ఉంటే, తలకు కుట్లు పడిన సర్దార్జీ మీద అంత నమ్మకం పెట్టేవారా? అధికారం ఒక అమానత్ అని, అర్హత ఉన్నవారికే దాన్ని అప్పగించాలని మన ధర్మం నేర్పుతోంది. రహీం సాబ్ ఆ అమానత్‌ను పదకొండు స్థానాల్లో నెరవేర్చి చూపారు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఈ లోకం విడిచారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు. తర్వాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పనిచేసి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందారు. 2021 ఆగస్టులో ఆయనా కన్నుమూశారు. ఐ లీగ్‌లో ఉత్తమ శిక్షకుడికి ఇచ్చే పురస్కారానికి రహీం సాబ్ పేరు పెట్టారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. అంతవరకు ఆయన పేరు వినని హైదరాబాదీ పిల్లలు ఎందరో ఉన్నారంటే అది మనకు చిన్నతనమే.

అసలు ప్రశ్న

ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న 1963లోనూ వచ్చింది. 1964 ఆసియా కప్‌కు ఇంగ్లండ్ దేశస్థుడు హ్యారీ రైట్ శిక్షకుడిగా వెళ్లారు. జట్టు రెండో స్థానంలో నిలిచింది. అందులో రహీం సాబ్ తీర్చిదిద్దిన ఆటగాళ్లు పలువురున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా కంచు పతకం వచ్చింది. ఆ తర్వాత 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు. మనవాళ్లూ వచ్చారు, పరాయివాళ్లూ వచ్చారు. పెద్ద పేర్లు వచ్చాయి, వెళ్లాయి. 2022లో విజేతగా నిలిచిన హైదరాబాద్ క్లబ్బు సైతం 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

కాబట్టి శిక్షకుడు స్వదేశీయా, విదేశీయా అన్నది అసలు ప్రశ్న కాదని మనకు అనిపిస్తోంది. రైట్‌కు విజయం అందించింది అప్పటికే సిద్ధమై ఉన్న ఆటగాళ్లు. వాళ్లను సిద్ధం చేసింది బడి మైదానం. పై మెట్టు మీద ఎవరిని నిలబెట్టాలని మనం గొంతు చించుకుంటున్నాం. కింది మెట్లు ఉన్నాయో లేవో చూడటం లేదు. పన్నెండేళ్ల పిల్లవాడికి రెండో కాలితో ఆడటం నేర్పే పంతులు ఎక్కడున్నాడు? సైకిలు అద్దె ఇచ్చే చెయ్యి ఎక్కడుంది? మన వాదంలో ఈ ప్రశ్నలే లేవు.

మరో మాట. 2025లో ఖాలిద్ జమీల్ నియామకం విని మన ఇళ్లలో చాలామంది సంతోషించారు. ఆ సంతోషం సహజం. కాని పేరు చూసి మెచ్చుకోవడం ఎంత తప్పో, పేరు చూసి అనుమానించడం అంత తప్పు. పని చూసి తీర్పు చెప్పాలి. ఓడినప్పుడు శిక్షకుడి కుటుంబాన్ని, పుట్టుకను నిందించడం వాదం కాదు, గీబత్. అపజయమెరుగని సేనాని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను హజ్రత్ ఉమర్ (రజి) పదవి నుంచి తప్పించిన సంగతి మనకు తెలుసు. విజయం అల్లాహ్ ప్రసాదించేదని, ఒక మనిషి వల్లనే వస్తుందని జనం భ్రమపడకూడదని ఖలీఫా ఉద్దేశం. ఖాలిద్ (రజి) అలగలేదు. తన స్థానంలో వచ్చిన హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో పోరాడారు. నియమించేవారికీ, తప్పుకునేవారికీ, చూసేవారికీ ఇందులో పాఠముంది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లవాడు బంతి పట్టుకుంటే చదువు పోయిందని కంగారు పడకండి. దైవప్రవక్త (స) స్వయంగా పరుగు పందెంలో పాల్గొన్న సంగతి హదీసుల్లో ఉంది. మీ పిల్లల బడిలో ఆటల పీరియడ్ నిజంగా జరుగుతోందో లేదో అడగండి. వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు తెలుసుకోండి, ఆయనకు సలాం చెప్పండి. మన బస్తీల్లో బడులు నడిపే కమిటీలు భవనానికి మరో అంతస్తు వేసేముందు, పిల్లలు పరుగెత్తడానికి కొంత నేల మిగిలిందేమో చూడాలి. స్తోమత ఉన్నవారు తమ వీధిలో ఆట వచ్చిన ఒక్క పేద పిల్లవాడికి బూట్లు కొనిపెట్టినా, రహీం సాబ్ మొదలుపెట్టిన పని కొనసాగినట్టే.

దేశపు జట్టుకు తర్వాతి శిక్షకుడెవరో అధికారులు నిర్ణయిస్తారు. ఆ తర్వాతి తరం శిక్షకుడు మాత్రం ఈపాటికే ఏదో బడిలో, మూడో తరగతి పిల్లల మధ్య నిలబడి ఉండవచ్చు. అతణ్ణి గుర్తించి గౌరవించడం మన చేతిలో ఉంది.

మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం గారిని అల్లాహ్ మన్నించి, స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. మన పిల్లలకు అలాంటి గురువులను అనుగ్రహించుగాక. ఆమీన్.